మీతోని ముసలోళ్లున్నరా?

ఆ మామిడికాయల కాలంలో మేము జగిత్యాలలో ఐదు ఇళ్లు చూశాం. చూశాం అంటున్నాను గానీ, నిజానికి ఐదు ఇళ్లవాళ్లు మమ్మల్ని చూశారు.

మొదటి ఇంటామె గేటు దగ్గరే నిలబెట్టి "మీరేంటోళ్లు?" అని అడిగింది. మా ఆయన దేవేందర్ మా కులం ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె మొహం మారలేదు, గొంతు మారలేదు. ఆ ఇల్లు మాత్రం అప్పటికప్పుడు వాళ్ల తమ్ముడికి కావలసి వచ్చింది. రెండో ఆయనకు నేను బీడీలు చేస్తానని తెలిసి తంబాకు వాసన గుర్తొచ్చింది. మూడో ఇంట్లో, నాలుగో ఇంట్లో అన్నీ కుదిరాయి. గోడలకు మేకులు కొట్టేది లేదన్నాం, నీళ్లు పారబోసేది లేదన్నాం, చుట్టాలు ఎక్కువ రారన్నాం. ఇక తాళంచెవి చేతికొస్తుంది అనుకునేసరికి రెండు చోట్లా ఒకటే ప్రశ్న.

"మీతోని ముసలోళ్లు ఎవలన్న ఉంటరా?"

"మా బాపు ఉంటడు."

"ఎన్నేండ్లు?"

"డెబ్బై రెండు."

"పానం మంచిగుంటదా?"

బాపుకు దమ్ము జబ్బు. నాలుగు మెట్లెక్కితే ఛాతీ పిల్లనగ్రోవి ఊదుతుంది. ఆ సంగతి నేను చెప్పకముందే నాలుగో ఇంటామె తాళంచెవిని కొంగుకు ముడేసుకుంది.

వాళ్ల భయమేమిటో నాకు తెలియనిది కాదు. కిరాయికున్న మనిషి ఇంట్లో పోతే ఇంటికి కీడని మా దిక్కు ఓనర్ల నమ్మకం. ఆ ఇంటిని నెలల తరబడి పాడుబెట్టాలంటారు. అందుకే ఎవరైనా మంచం పడితే ముందే వేరే ఎక్కడికైనా తీసుకుపొమ్మంటారు. దవాఖానలో పోతే శవాన్ని గడప తొక్కనివ్వరు. సిరిసిల్లలో మా అమ్మ పోయినప్పుడు మా ఓనరు గేటుకు తాళం వేసి, మా ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది, మేమూ తిట్టేవాళ్లం. చేతులు జోడించిన మనిషిని ఏమంటాం? అమ్మను రోడ్డు పక్కన టెంటు కింద పడుకోబెట్టాం. వానాకాలం. కర్మ అయ్యేదాకా పదకొండు రోజులు, మరమగ్గాలు నడవక మూతబడ్డ సాంచాల షెడ్డులో నేల మీద పడుకున్నాం. నలభై ఏళ్లు ఆ ఊళ్లో గుడ్డల బేళ్లు మోసిన హమాలీ మా బాపు కనకయ్య. ఆ పదకొండు రోజుల్లో ఆయన నాతో అన్నది ఒక్క మాటే. "నేను నీకు గీ తిప్పలు పెట్టను బిడ్డా."

సిరిసిల్లలో పని సన్నగిల్లి, దేవేందర్‌కు జగిత్యాల మామిడి మార్కెట్టులో డీసీఎం వ్యాను నడిపే పని దొరికాక మేము ఇక్కడికి వచ్చాం. మా బిడ్డ నవత గురుకులం హాస్టల్లో ఉంది. నేను, మా ఆయన, బాపు. ముగ్గురికి రెండర్రలు చాలు. ఐదో ఇంటికి పోయేటప్పుడు బాపును బస్టాండులోనే కూచోబెట్టి పోయాం. అలా చేద్దామని ఎవరూ అనలేదు. ఆయనే "మీరు పోయిరాండ్రి, నేను సంచి సూస్త" అన్నాడు. ఆ సంచిలో చూసుకోవాల్సినంత సామానేం లేదు.

*

ఐదో ఇల్లు సయీదా బేగంది. కింద వాళ్లు, పైన రెండర్రలు కిరాయికి. వాకిట్లో కుర్చీలో ఆమె భర్త బుర్హానుద్దీన్ సాబ్ కూచుని ఉన్నాడు. ఎడమ చెయ్యి ఒళ్లో పడి ఉంది. దేవేందర్ సలాం చెప్పి, ఇంటి సంగతి ఎత్తకుండానే ఆ చెయ్యి పట్టుకుని చూశాడు. "పక్షవాతమా సాబ్? తైలం రాస్తున్నరా?" మా ఆయన అంతే, ఎక్కడ ఆగితే అక్కడ ముచ్చట పెడతాడు. నాకేమో లోపల ఇల్లు చూసుకోవాలని తొందర.

సయీదమ్మ మమ్మల్ని పైకి తీసుకుపోయింది. ఏంటోళ్లని అడగలేదు. బీడీల సంగతి చెబితే "మా గల్లీల అందరు చేస్తరు" అంది. వంటర్ర చూపించింది, ఆరేసుకునే దండెం చూపించింది. కిందికి దిగబోతూ, ఒక మెట్టు మీద ఆగి, వెనక్కి తిరగకుండా అడిగింది.

"మీతోని ముసలోళ్లు ఎవలన్న ఉన్నరా?"

"లేరమ్మా" అన్నాను. అనుకుని అనలేదు. నాలుగు ఇళ్లు తిరిగిన నోరు దానంతట అదే అనేసింది.

"ఎవ్వలు లేరా?"

"అత్తమామలు ఎన్నడో పోయిన్రు. బిడ్డ హాస్టల్ల ఉంటది. మేమిద్దరమే."

దేవేందర్ నా వంక చూసి, తర్వాత తన చెప్పుల వంక చూసుకున్నాడు. సయీదమ్మ "అచ్ఛా" అని ఊరుకుంది. ఆమె మొహం కొంచెం వాడినట్టు అనిపించింది. అబద్ధం పసిగట్టిందేమో అనుకున్నాను. "సోంచాయించి ఫోన్ చేస్త బేటీ" అంది.

బస్టాండుకు వచ్చి బాపుకు చెప్పాను. "ఇల్లు దొరికేటట్టే ఉన్నది. గని నువ్వు లేవని చెప్పిన."

బాపు నవ్వాడు. "ఎట్ల చెప్పినవ్? సచ్చిపోయిండని చెప్పినవా, ఊకెనే లేడని చెప్పినవా?"

"ఊకెనే లేవని."

"గట్లయితే చుట్టపోని లెక్క రావచ్చు. సచ్చిపోయిండంటే కష్టమయ్యేది."

మూడో రోజు సయీదమ్మ ఫోన్ చేసి రమ్మంది.

*

మేము దిగిన వారానికి బాపు చుట్టపాయనలాగా వచ్చాడు. "మా పెద్దబాపు. ముస్తాబాద్‌ నుంచి అచ్చిండు. నాలుగొద్దులు ఉండి పోతడు" అని సయీదమ్మకు చెప్పాను. పెద్దబాపు అని పెట్టుకోవడంలో ఒక సుఖం ఉంది. తొందరలో "బాపూ" అని పిలిచినా, ముందున్న ముక్క మింగాననుకుంటారు.

"నాలుగొద్దులేనా?" అంది సయీదమ్మ.

"గంతే అమ్మా. ఎక్కువ ఉండడు" అని నేను గబగబా హామీ ఇచ్చాను.

ఇక చూడాలి బాపు వేషం. దేవేందర్ దగ్గర రంగు పాకెట్టు అడిగి తీసుకుని జుట్టుకు, మీసానికి నల్లగా పూసుకున్నాడు. నుదుటి మీద కూడా ఇంత అంటింది. "మల్ల పెండ్లి చేస్తరా ఏంది?" అని నేను నవ్వితే, "ముసలోళ్లు ఉండద్దన్నరు గద, నేను ముసలోన్నెక్కడ?" అన్నాడు. వాకిట్లోంచి పోయేటప్పుడు నడుం నిలబెట్టి నడిచేవాడు. తాగే నీళ్ల క్యాను దేవేందర్ తెస్తానన్నా వినకుండా, బుర్హానుద్దీన్ సాబ్ చూస్తుండగా భుజాన వేసుకుని మెట్లెక్కేవాడు. మెట్లు మధ్యలో ఒక మలుపు తిరుగుతాయి. అక్కడికొచ్చాక కింది వాళ్లకు కనిపించం. అక్కడ క్యాను దించి, గోడకు ఆనుకుని, తువ్వాల నోట్లో కుక్కుకుని దగ్గేవాడు. దమ్ము కుదురుకున్నాక మిగిలిన మెట్లు టకటకా ఎక్కేవాడు. ఆ టకటకలు కిందికి వినిపించాలని ఆయన పట్టుదల.

ఇంత కష్టం పడింది ఎవరి కంట పడకూడదనో, ఆ మనిషే మా బాపును రోజూ పిలిచేవాడు.

"భాయ్, రా కూసో. చాయ్ తాగుదాం."

"పనున్నది సాబ్."

బాపుకు పనేముంటుంది? గల్లీ మలుపు దాకా పోయి, కిరాణా కొట్టు నీడన కాసేపు నిలబడి తిరిగొచ్చేవాడు. సిరిసిల్లలో హోటల్ బెంచీ మీద కూచుంటే పొద్దు గూకేదాకా లేవని మనిషి ఆయన. ఎవరు ఏ ఊరినుంచి వచ్చినా ఆ ఊళ్లో తనకు తెలిసినవాళ్లు ఒక్కరైనా దొరికేవారు. మాటల్లేకుండా ఉండడం ఆయనకు దగ్గును ఆపుకోవడం కంటే కష్టమైంది.

ఒకరోజు నేను చాట ముందేసుకుని బీడీలు చుడుతుంటే పక్కన వచ్చి కూచున్నాడు.

"బిడ్డా, ఆయన దర్జీనట. ధర్మపురి దాక పేరుండెనట. చెయ్యి పడిపోయినంక షాపు బంద్ పెట్టిండు. కొడుకు ఆదిల్ రియాద్‌ల ఉంటడట. గంత ముచ్చట చెప్పిండు, నేను నిలబడ్డంతల్నే."

"నువ్వేం చెప్పినవ్?"

"ఏం చెప్త? ఊ అన్న."

"గంతే అను. కూసుంటివా, మాట మీద మాట అస్తది. నోరు జారితే మల్ల సంచులు సదురుకోవాలె."

బాపు తలూపాడు. ఒక ఆకు తీసుకుని, దాన్ని కత్తిరించకుండా, చుట్టకుండా, వేళ్ల మధ్య చాలాసేపు తిప్పుతూ కూచున్నాడు. ఆ మాట అన్నందుకు నా నోటి మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

*

బాపు వచ్చిన తొమ్మిదో రోజు డాబా మీద బట్టలు ఆరేస్తుంటే సయీదమ్మ పైకి వచ్చింది. కాసేపు ఎండల గురించి మాట్లాడింది. ఆ తర్వాత దండెం మీద బాపు అంగీని సరిచేస్తూ అడిగింది.

"సుజాతా, మీ పెద్దబాపు ఎన్నొద్దులుంటడు?"

"రేపే పోతడమ్మా. పొద్దుగాల బస్సుకే."

"నేనేం అనలే బేటీ. ఊకెనే అడిగిన."

ఓనర్లు ఊకెనే అడగరని నేను ఎంత అనుభవం మీద నేర్చుకున్నానో ఆమెకేం తెలుసు? కిందికి దిగి బాపుకు చెప్పాను. ఆయన అడ్డం చెప్పలేదు. "అడిగిందంటే పొమ్మన్నట్టే గద" అని సంచి సర్దుకున్నాడు. తెల్లారి కోరుట్ల బస్సెక్కాడు. అక్కడ ఆయన చెల్లెలు, మా సారక్క అత్త ఉంది. ఆమె కూడా ఒక్క అర్ర కిరాయికి తీసుకుని బీడీలు చేసుకునే మనిషే. ఆమెకూ ఒక ఓనరు ఉన్నాడు.

అప్పటినుంచి అదే పద్ధతి అయింది. కోరుట్లలో వారం, ఇక్కడ నాలుగు రోజులు. అక్కడి ఓనరు కనుబొమ్మలు ముడిచేలోపు ఇక్కడికి, ఇక్కడ సయీదమ్మ "మల్ల ఎప్పుడు పోతడు?" అని అడిగేలోపు అక్కడికి. "వాలీబాల్ లెక్క అయిన బిడ్డా, కింద పడకుంటె గెలిచినట్టే" అని నవ్వేవాడు. ప్రతిసారీ వచ్చేముందు రంగు పూసుకునేవాడు. ప్రతిసారీ సంచి కొంచెం బరువైనట్టు, మనిషి కొంచెం తేలికైనట్టు కనిపించేవాడు. దవాఖానకు పోదామంటే, "పోతే మంచం మీద పండుకోపెడ్తరు. పండుకున్న మనిషిని ఏ ఓనరు రానిస్తడు?" అనేవాడు. మామిడికాయల సీజన్ నడుమలో ఉంది. దేవేందర్ తెల్లారకముందే తోటలకు పోయి పొద్దు గూకాక వచ్చేవాడు. "సీజన్ అయినంక కరీంనగర్ తోల్కపోత" అన్నాడు. ఆయనను తప్పుపట్టను. నేనూ అదే అనుకున్నాను.

రోహిణి కార్తె వచ్చింది. ఒక మధ్యాహ్నం, గల్లీలో కుక్క కూడా లేని వేళ, బాపు కోరుట్ల నుంచి వచ్చాడు. వాకిట్లో ఎవరూ లేరు. మెట్ల మీద టకటకలు వినిపించాయి. సగం దాకా వినిపించి ఆగిపోయాయి. అలవాటే కదా అని నేను ఆకులు కత్తిరిస్తూ కూచున్నాను. మళ్లీ మొదలు కాలేదు.

నేను లేచి వచ్చేసరికి సయీదమ్మ అక్కడుంది. బాపు మలుపు దగ్గర గోడకు ఒరిగి కూచున్నాడు. నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటున్నాడు. ఆమె చెంబెడు నీళ్లు మొహం మీద చల్లి, తన దుపట్టాతో తుడుస్తోంది. తల మీది రంగు చెమటకు, నీళ్లకు కరిగి, చెంపల మీదుగా నల్లగా కారుతోంది. ఆ నలుపంతా ఆమె తెల్ల దుపట్టాకు అంటుకుంది. ఆమె దుపట్టా చూసింది. నన్ను చూసింది.

"రేపు ముస్తాబాద్ తోల్తం అమ్మా. మీరేం రంది పెట్టుకోకుండ్రి. ఇంట్ల ఏం కానియ్యం" అన్నాను.

ఆమె మళ్లీ చెంబు అందుకుని బాపు నోటికి నీళ్లు పట్టింది. బాపు కళ్లు మూసుకునే ఉన్నాడు. కానీ వింటున్నాడు. నాకు తెలుసు.

*

తెల్లారి నేను పాలకు పోయి వచ్చేసరికి బాపు లేడు. సంచి లేదు. మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. కోరుట్లకు ఫోన్ చేస్తే సారక్కత్త ఏడ్చింది. వాళ్ల ఓనరు మొన్ననే ఇక తేవద్దన్నాడట. ఆ సంగతి బాపు నాకు చెప్పలేదు.

నేను చెప్పులేసుకుని కిందికి దిగుతుంటే సయీదమ్మ ఎదురొచ్చింది. చేతిలో చాయ్ గ్లాసు, రెండు బన్ను ముక్కలు ఉన్న పళ్లెం.

"మీ బాపుకు తెచ్చిన. రాత్రి ఎట్ల పండుకున్నడు?"

పెద్దబాపు అనలేదు. బాపు అంది. నేను మెట్టు మీద కూలబడ్డాను.

"వెళ్లిపోయిండమ్మా."

"ఎటు పోయిండు? గా పానం తోని ఎట్ల తోలినవ్ బేటీ?"

"నేను తోలలేదు. మీరేమంటరోనని..."

ఆమె పళ్లెం పక్కన పెట్టి నా పక్కనే కూచుంది. ఆమెకు కోపం వచ్చినట్టుంది. ఎవరి మీదో తెలియలేదు.

"నేనేమంట? పెద్దబాపు కాదు, బాపు అని మొదటి దినమే అర్థమైంది. ఆయన ముక్కే నీ ముక్కు. దాస్తున్నవంటె ఏదో కారణముంటది, ఒకల ఇంటి సంగతి తవ్వద్దని ఊకున్న. ఎన్నొద్దులుంటడని అడిగితె రేపే పోతడంటివి. ఉండమని చెప్పుదామని అడిగిన నేను."

నేను ఆమె వైపు తిరిగి కూచున్నాను.

"ఇల్లు సూడ అచ్చినప్పుడు ముసలోళ్లున్నరా అని అడిగిన, యాదికున్నదా? మా సాబ్‌కు తోడుంటరని అడిగిన. షాపు బంద్ అయిన కాడ్నుంచి ఆయనతోని మాట్లాడే మనిషి లేడు. నాతోని ఎంతసేపు మాట్లాడ్తడు? మీకంటె ముందు ఒకల్లు అచ్చిన్రు, వాళ్లతోని ముసలాయన ఉన్నడు. మెట్లెక్క చాతగాక ఆగితె కొడుకు గదిరిచ్చిండు. గసొంటోళ్లకు ఇయ్యబుద్ధి కాలే. మీతోని ఎవ్వలు లేరంటివి. నాకు మనసున పట్టలే. గని మీ ఆయన సాబ్ చెయ్యి పట్టుకోని అడిగిండు సూడు, అందుకని ఇచ్చిన."

"ఇంట్ల ముసలోళ్లు పోతె ఓనర్లకు..." అని నేను మొదలుపెట్టాను.

"మాకు గా పట్టింపు లేదు బేటీ. మా అత్త గీ ఇంట్లనే పోయింది. గీ వాకిట్లకెల్లే తీస్కపోయినం. సావు రాని ఇల్లు ఏడుంటది?"

అప్పుడు ఏడ్చాను. మెట్ల మీద, ఆమె భుజం మీద తల పెట్టుకుని, చిన్నపిల్లలాగా ఏడ్చాను. ఓనరంటే ఓనరే, ప్రశ్న ఒకటైతే మనసూ ఒకటే అనుకున్నాను. పుట్టి బుద్ధెరిగి తురకోళ్ల ఇంట్లో కిరాయికి ఉన్నది లేదు. ఒక్కసారి ఎందుకమ్మా అని అడిగితే నా నోటి ముత్యాలేం రాలేవి కాదు. రెండు నెలలు ఇద్దరు ముసలివాళ్లు పైనొకరు కిందొకరు మాట కోసం మొహం వాచి కూచున్నారు, మధ్యలో నేను కాపలా ఉన్నాను.

బస్టాండు, దవాఖాన అంతా వెతికి వచ్చాక, మధ్యాహ్నానికి ఫోన్ మోగింది. ముస్తాబాద్ నుంచి ముత్తయ్య. మా బాపు చిన్ననాటి సోపతి. "మీ బాపు గీడికి అచ్చిండు బిడ్డా. మీ జాగల పండుకున్నడు. జర జల్ది రా."

*

బాపు పుట్టిన ఊరు ముస్తాబాద్‌లో మా జాగ అంటే, ఎప్పటిదో సర్కారు ఇచ్చిన ముక్క. దాని మీద ఒక అర్ర ఉండేది, రెండేళ్ల కిందటి వానలకు, అమ్మ పోకముందే కూలిపోయింది. ఒక్క గోడ మిగిలింది. ఆ గోడకు ముత్తయ్య టార్పాలిన్ కట్టి, కింద నులక మంచం వేశాడు. బాపు దాని మీద పడుకుని ఉన్నాడు. బోరింగు కింద తల కడుక్కున్నట్టున్నాడు, జుట్టంతా తెల్లగా ఉంది. రెండు నెలల తర్వాత మా బాపు మా బాపులాగా కనిపించాడు.

"ఎందుకు అచ్చినవ్? మంచిగనే ఉన్న. గిది మన జాగ. గీడ ఎవ్వలు లేవగొట్టరు" అన్నాడు.

"బాపూ, మనం తప్పుగ అనుకున్నం. సయీదమ్మ నిన్ను పొమ్మనలే. ఉండమంటున్నది. ముసలోళ్లు కావాలెననే అడిగిందట. గా సాబ్‌కు తోడుగ."

బాపు నా మొహంలోకి చూసి నవ్వాడు. నాకు జ్వరం వచ్చిన రోజుల్లో చేదు మందు తాగితే నవ్వేవాడు, ఆ నవ్వు.

"ముసలోళ్లు కావాలెనని కిరాయికిచ్చే ఓనర్లు ఏడున్నరు బిడ్డా? నన్ను తోల్కపోవడానికి చెప్తున్నవ్."

"నిజం బాపూ. నీ మీద ఒట్టు."

"నాలుగొద్దులకే పోతడని గూడ ఒట్టేసినట్టే చెప్పినవ్ గదనే" అన్నాడు, ఎగతాళిగానే, ప్రేమగానే.

నేను సయీదమ్మకు ఫోన్ కలిపి బాపు చెవి దగ్గర పెట్టాను. ఆమె మాట్లాడింది. బుర్హానుద్దీన్ సాబ్ మాట్లాడాడు. "కనకయ్య భాయ్, నువ్వు రా. కుర్చీ ఏసి పెట్టిన" అన్నది నాకూ వినిపించింది. బాపు "అస్తా సాబ్, తప్పకుంట అస్తా" అని మర్యాదగా చెప్పి ఫోన్ నా చేతికిచ్చాడు.

"మంచోళ్లు బిడ్డా. నువ్వు చెప్పుమన్నవని ఎంత మంచిగ చెప్పిన్రు."

ఇన్ని రోజులు నేను ఏ అబద్ధం చెప్పినా ఎవరూ కాదనలేదు. ఈ నిజాన్ని నా కన్నతండ్రి నమ్మలేదు.

మర్నాడు ముత్తయ్య, నేను కలిసి ఆటోలో సిరిసిల్ల దవాఖానకు తీసుకుపోయాం. ఆక్సిజన్ పెట్టారు. గుండె కూడా పాడైందన్నారు, ఉండాలన్నారు. కాస్త తెరిపిన పడగానే బాపు ఒకటే పట్టు పట్టాడు, మళ్లీ ముస్తాబాద్ పోదామని. "గీడ పోతే నన్ను ఏడికి తీస్కపోతవ్? మీ అమ్మను ఏడికి తీస్కపోయినం?" అని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు ఉంది. జగిత్యాలకు తీసుకుపోతాను బాపూ, సయీదమ్మ వాకిట్లోకి. కానీ అది కూడా ఆయన నమ్మడు కదా. బతిమాలాను. కోప్పడ్డాను. చివరికి డాక్టరు రాసిచ్చిన మందులు, సంతకం పెట్టిన కాగితం పట్టుకుని తిరిగొచ్చాం. దేవేందర్‌కు ఫోన్ చేసి, రేపు సాయంత్రానికి వ్యాను తెమ్మన్నాను. ఒక్కసారి ఆ వాకిట్లో దించితే, ఆ కుర్చీ కళ్లతో చూస్తే, అప్పుడు నమ్ముతాడు. నమ్మకపోతే ఎక్కడికి పోతాడు అనుకున్నాను.

ఆ మరునాడు పగలు రెండు గంటలప్పుడు, నేను గంజి చల్లార్చి తెచ్చేసరికి బాపు పోయాడు. దేవేందర్ అప్పటికి వేములవాడ దాటాడు.

గోడ నీడన పడుకోబెట్టాం. ఎవరినీ అడగలేదు, ఎవరూ వచ్చి చేతులు జోడించలేదు. మా అమ్మకు దొరకనిది ఆయన తనే పోయి సంపాదించుకున్నాడు. సారక్కత్త కోరుట్ల నుంచి వచ్చింది. సయీదమ్మ జగిత్యాల నుంచి ఒక్కతే, రెండు బస్సులు మారి, ఒక ఆటో ఎక్కి వచ్చింది. సాబ్ కదలలేడు కదా. ఆమె బాపు తెల్ల జుట్టును చూసి, కాళ్ల దగ్గర కూచుంది.

ఊరివాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. ముత్తయ్య మా పక్కన గొంతుక్కూచుని, తువ్వాలతో కళ్లు ఒత్తుకుంటూ నాతో చెప్పాడు.

"రంది పడకు బిడ్డా. మీ బాపు సంబురంగ పోయిండు. పొద్దుగాల కూడ నలుగురిని పిలిచి చెప్పుకున్నడు. నా బిడ్డ నన్ను తోల్కపోవడానికి ఎంత పెద్ద అబద్ధమాడిందో సూడున్రి, గా ఓనరోళ్లతోని గూడ ఆడిపిచ్చింది, గసొంటి బిడ్డ ఎవలికున్నదని. అది చెప్పుకుంటనే నవ్విండు."

సయీదమ్మ తల ఎత్తింది. "అబద్ధం కాదు భాయ్, అది..." అని మొదలుపెట్టింది.

నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, వద్దన్నట్టు తల ఊపాను.